ఏడు టేకుల చెంపదెబ్బ

హైదరాబాదు స్టూడియోల్లో వజ్రేశ్వరి అనే నటి ఉండేది. తిన్న దెబ్బల్ని పతకాల్లాగా పదిమందికీ చూపించుకోవడం ఆమెకున్న జబ్బు.

వయసులో ఉన్నప్పుడు ఆమె ఖాకీ యూనిఫారం వేసుకుని తెరమీదికి వస్తే నేలక్లాసు ఈలలతో దద్దరిల్లేది. కొరడా పట్టిన జమీందారిణి, అడవిలో గుర్రం మీద తిరిగే బందిపోటు, అన్నను చంపినవాళ్ళను ఒక్కొక్కణ్ణీ వెతికి పట్టుకునే చెల్లెలు, ఇలాంటి వేషాలన్నీ వేసింది. అద్దాలు పగలగొట్టుకుని దూకింది. కదిలే లారీ మీద నిలబడి కర్ర తిప్పింది. అదే ఏడాది, అదే మనిషి, ఇంకో సినిమాలో తలవంచుకుని మొగుడి బూట్లకు పాలిష్ పెట్టేది. నిర్మాతల దగ్గర ఆమెకు రెండు రకాల గిరాకీ ఉండేది. తన్నే వజ్రేశ్వరి ఒక రకం, తన్నులు తినే వజ్రేశ్వరి ఇంకో రకం. మొదటి రకాన్ని చూడ్డానికి మగవాళ్ళు వచ్చేవాళ్ళు. రెండో రకాన్ని చూపించడానికి ఇంట్లో ఆడవాళ్ళను తీసుకొచ్చేవాళ్ళు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. తన్నే సినిమాల్లో ఆమె ఒంటిమీద ఏనాడూ గీత పడలేదు. అక్కడ మస్తాన్ మాస్టర్ ఉండేవాడు. నెల్లూరు మనిషి, ఫైట్ మాస్టరు. షాట్‌కు ముందు నేలమీద చాక్‌పీసుతో గీతలు గీసేవాడు. ఎవరు ఏ గీత దగ్గర నిలబడాలో, ఎన్నో అంకెకు చెయ్యి విసరాలో, ఎన్నో అంకెకు ఆమె ముఖం తిప్పాలో పదిసార్లు చేయించేవాడు. "ఒకటీ... రెండూ... తిప్పమ్మా!" అని అరిచేవాడు. రౌడీ వేషగాడి పిడికిలి ఆమె ముక్కుకు జానెడు దూరంలోంచి పోయేది. చప్పుడు తర్వాత సౌండువాళ్ళు కలిపేవాళ్ళు. పడాల్సిన చోట పరుపు ఉండేది. ఇరవైమంది రౌడీల మధ్య ఆమెకు జానెడు భద్రత ఉండేది. ఒక్క మొగుడి పక్కనే అది ఉండేది కాదు.

ఎందుకంటే ఆ సినిమావాళ్ళ దృష్టిలో మొగుడు కొట్టడం ఫైటు కాదు. అది సెంటిమెంటు. సెంటిమెంటు సీనుకు ఫైట్ మాస్టరును పిలవరు. గీతలుండవు, అంకెలుండవు, పరుపుండదు. హీరో చెయ్యెత్తి కొడతాడు. హీరోయిన్ చెంప వాచుతుంది. "ఎంత సహజంగా వచ్చిందో!" అంటాడు డైరెక్టరు. రౌడీ చెయ్యి తగిలితే ప్రమాదం. మొగుడి చెయ్యి తగిలితే నటన. ఈ దిక్కుమాలిన పద్ధతిని ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. ఇదేమిటని ఎవరూ అడగలేదన్నది మాత్రం అందరికీ తెలుసు.

వజ్రేశ్వరి కూడా అడగలేదు. అడగకపోగా దాన్నొక కథ చేసుకుంది. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక కుటుంబ చిత్రంలో అప్పటి పెద్ద హీరో ఒకాయన ఆమెను నిజంగానే చెంపమీద కొట్టాడు. ముందు చెప్పకుండా కొట్టాడు. డైరెక్టరుకు తృప్తి కలగలేదు. ఏడు టేకులు తీశారు. ఏడో టేకులో ఆమె కంట్లోంచి జారిన చుక్కకు ఆ సంవత్సరం ఉత్తమ నటి బహుమతి వచ్చింది. అప్పట్నుంచి ఏ సెట్టులో కుర్చీ వేసినా, ఏ టీవీవాళ్ళు మైకు పెట్టినా ఆమె ఆ కథే చెప్పేది.

"ఏడు దెబ్బలమ్మా! ఏడు! కిక్కురుమంటే ఒట్టు. ఆ దెబ్బలే నన్ను నటిని చేశాయి. ఇప్పటి పిల్లలు గోరు విరిగితే షూటింగు ఆపేస్తారు" అని నవ్వేది.

వినేవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. అలా చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒకడు శేషసాయి.

ఈ శేషసాయి డైరెక్టరయ్యాడు. మూడో సినిమాలో వజ్రేశ్వరికి హీరో తల్లి వేషం ఇచ్చాడు. హీరో భార్గవ్. ఒళ్ళు పెంచడంలో ఉన్న శ్రద్ధ డైలాగు నేర్చుకోవడంలో లేని కుర్రాడు. హీరోయిన్ ధాత్రి. బొబ్బిలి నుంచి వచ్చిన ఇరవై రెండేళ్ళ పిల్ల. నాటక పోటీల్లో పేరు తెచ్చుకుని సినిమాలకు వచ్చింది. ఈ సినిమాలో ఆమెది లారీ నడిపే అమ్మాయి వేషం. సగం సినిమా మార్కెట్ యార్డులో రౌడీలను ఇరగదీస్తుంది. మిగతా సగం పెళ్ళి చేసుకుని మొగుడి చేతిలో దెబ్బలు తింటుంది. కథ అలా రాసుకున్నందుకు శేషసాయికి సిగ్గేమీ లేదు. "రెండు వర్గాల ప్రేక్షకులూ కావాలి కదండీ" అనేవాడు.

ఆ రోజు ఉదయం మార్కెట్ యార్డు ఫైటు. మిరపకాయల బస్తాల మధ్య తొమ్మిదిమందిని ధాత్రి మట్టి కరిపించాలి. తల నెరిసిన మస్తాన్ మాస్టరే ఆ ఫైటుకూ మాస్టరు. ధాత్రి చురుగ్గా నేర్చుకుంది. ఒక్కరి వేలు కూడా ఆమెకు తగల్లేదు. ఫైటు పూర్తయ్యాక ఆమె చెమట తుడుచుకుంటూ మాస్టరు దగ్గరికి వెళ్ళింది. పక్కనే కుర్చీలో మజ్జిగ తాగుతున్న వజ్రేశ్వరికి వాళ్ళ మాటలు వినిపించాయి.

"మాస్టారూ, మజ్జాన్నం సీనుకి కూడా మీరుంటారు కదండీ?"

"ఏ సీనమ్మా?"

"భార్గవ్‌గారు నన్ను కొట్టేదండీ."

మస్తాన్ మాస్టర్ చేతికంటిన చాక్‌పీసు పొడి దులుపుకున్నాడు. "అది నాది కాదు తల్లీ. ఇంట్లో కొట్టుడు సెంటిమెంటు కిందికి పోద్ది. బజార్లో కొట్టుకుంటేనే మనల్ని పిలుస్తారు."

"కొట్టేది చెయ్యే కదండీ. బజారైతే ఏటి, ఇల్లయితే ఏటి?"

మాస్టరు మళ్ళీ చేతులు దులుపుకున్నాడు. ముప్పై ఐదేళ్ళ సర్వీసులో ఆయన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

భోజనాలయ్యాక ధాత్రి వజ్రేశ్వరి కారవాన్‌కు వచ్చింది. తలుపు దగ్గరే నిలబడింది.

"లోపలికి రా. ఏమిటలా బిక్కమొహం వేశావు?" అంది వజ్రేశ్వరి.

"నాకు బయంగా ఉంది మేడమ్. నిన్న భార్గవ్‌గారు సరదాగా వీపు మీద తడితేనే నాకు పొలమారిపోయింది. ఆ చేత్తో చెంప మీద కొడితే నా తల బొబ్బిల్లో పడతాది."

వజ్రేశ్వరికి నవ్వొచ్చింది. "నీ తలకు టిక్కెట్టు ఖర్చు కలిసొచ్చిందనుకో."

ధాత్రి నవ్వలేదు. "మీరు ఒక్క మాట అంటే డైరెక్టరుగారు వింటారు మేడమ్. మాస్టారిని పిలిపించి గీత గీయించమనండి, చాలు. ముకం నేను తిప్పుకుంటాను. ఏడుపు నాకొదిలీండి. నాటకాల్లో గుక్కపట్టి ఏడ్చాను. అక్కడెవరూ నన్ను కొట్టలేదు."

వజ్రేశ్వరి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. పిల్ల చెబుతున్నది నిజమని ఆమెకు తెలుసు. తెలిసే ఒళ్ళు మండింది. గీత గీసుకుని, ముఖం తిప్పుకుని, దెబ్బ తినకుండా ఏడవగలిగితే, అదీ నటనే అయితే, మరి తను ఏడు దెబ్బలు ఎందుకు తిన్నట్టు? ఇరవై ఆరేళ్ళుగా దేన్ని చూపించుకుని తిరుగుతున్నట్టు? ఆ ఆలోచన పూర్తిగా రాకముందే ఆమె దాన్ని నెట్టేసింది. నెట్టేయడానికి ఆమె దగ్గర ఒక కథ ఉంది.

"కూర్చో. నీకొకటి చెబుతాను" అంది.

మొదటి టేకు నుంచి ఏడో టేకు దాకా చెప్పింది. హీరో ఉంగరం చెంపమీద అచ్చు పడటం చెప్పింది. మేకప్ మనిషి ఐసుముక్కలు పెట్టడం చెప్పింది. బహుమతి ఇచ్చిన రోజు కట్టుకున్న చీర రంగు కూడా చెప్పింది.

"నేను ఏడు తిన్నాను. నువ్వు ఒక్కటి తినలేవా?" అని ముగించింది.

"అలాగే మేడమ్" అని ధాత్రి లేచి వెళ్ళిపోయింది. ఆ "అలాగే" ఎలాంటిదో వజ్రేశ్వరికి బాగా తెలుసు. ఏడు టేకులకూ తను చెప్పిందీ ఆ మాటే.

కాసేపటికి వజ్రేశ్వరి సెట్టులోకి వచ్చింది. భోజనాల గది సెట్టు. పెద్ద బల్ల, వెండి గ్లాసులు, గోడకు దండ వేసిన మామగారి ఫొటో. కొడుకు కోడల్ని కొడుతుంటే తల్లి కుర్చీలో కూర్చుని చూడాలి. అంతే ఆమె పని. మూలన శేషసాయి భార్గవ్ భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతున్నాడు.

"రిహార్సల్లో చెయ్యి దూరంగా పోనీ. టేకులో మాత్రం పోనివ్వకు."

"గట్టిగా తగుల్తుందేమో సార్."

"తగలాలయ్యా! అమ్మాయి అదిరిపోవాలి. ఆ అదురు నాకు కెమెరాలో కావాలి. ముందే చెప్పావంటే చచ్చినా రాదు."

అంతలో శేషసాయి వజ్రేశ్వరిని చూశాడు. చేతులు జోడించాడు. "మీ ఏడు టేకుల కథ విన్నప్పట్నుంచీ అనుకుంటున్నాను మేడమ్, నా సినిమాలో అలాంటి షాట్ ఒక్కటి పడాలని. ఈ విషయంలో నాకు గురువు మీరే."

ఆ మాట ఆమెకు తియ్యగా తగిలింది. నవ్వి ఊరుకుంది. నోరు తెరవడానికి అప్పటికింకా పావుగంట టైముంది. ఆ పావుగంటా ఆమె కుర్చీలో కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

రిహార్సల్ జరిగింది. భార్గవ్ చెయ్యి ధాత్రి ముఖానికి దూరంగా గాలిలోంచి పోయింది. ధాత్రి తల తిప్పి, ఒక అడుగు తూలి, బల్ల అంచు పట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అక్కడున్న లైట్‌మ్యాన్ ఒకడు "అబ్బ!" అన్నాడు. దెబ్బ తగలకుండానే ఆ పిల్ల అందర్నీ నమ్మించింది. ఆమె ముఖంలో భయం తగ్గింది. వజ్రేశ్వరి వైపు చూసి చిన్నగా నవ్వింది. మేడమ్ చెప్పినట్టున్నారు, డైరెక్టరు విన్నట్టున్నాడు అనుకుంది పాపం.

"రోల్! యాక్షన్!"

ఆ చప్పుడుకు సౌండువాళ్ళు కలపాల్సిందేమీ లేకపోయింది. భార్గవ్ అరచెయ్యి ధాత్రి చెంపనూ చెవినీ కలిపి కొట్టింది. ఆమె పక్కకు ఒరిగి బల్లమీద పడింది. వెండి గ్లాసొకటి దొర్లి కింద పడింది.

"కట్! కట్! అదిరింది!" శేషసాయి ఎగిరి గంతేశాడు. సెట్టంతా చప్పట్లు.

ధాత్రి లేచి నిలబడింది. ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది. శేషసాయి ఆమెతో ఏదో అన్నాడు. ఆమె అతని పెదాలకేసి చూసింది.

"ఏటండీ? ఏటంటన్నారు? ఈ చెవిలో ఈల మోగుతోంది. మాట అందట్లేదు నాకు."

"ఆ చూపు పోనీకమ్మా! అలాగే ఉంచు! క్లోజప్‌లో ఇంకొక్కటి తీసుకుందాం. భార్గవ్, రెడీయా?"

భార్గవ్ తలూపాడు. లైట్లు జరుపుతున్నారు. మేకప్ అమ్మాయి వచ్చి ధాత్రి చెంప మీది ఎరుపును చూసి, పౌడరు అక్కర్లేదని వెళ్ళిపోయింది. ధాత్రి చెవి తమ్మె దగ్గర సన్నటి నెత్తురు చార కనిపించింది. అది వజ్రేశ్వరి కూర్చున్న వైపే ఉంది. మిగతా ఎవరికీ కనిపించలేదు. కనిపించినా చూసేవాళ్ళు కారు.

వజ్రేశ్వరి చెయ్యి తన ఎడమ చెవి దగ్గరికి పోయింది. ఆ రోజు ఏడో టేకు తర్వాత ఆమె చెవిలోనూ ఈల మోగింది. పదకొండు రోజులు మోగింది. అది ఆగాక ఆ వైపు శబ్దాలు సగం రావడం మానేశాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆమె ఫోను కుడి చెవికే పెట్టుకుంటోంది. సభల్లో ఎడమ పక్కన ఎవరు కూర్చుని ఏం చెప్పినా నవ్వి తలూపుతోంది. బహుమతి ఇచ్చిన రోజు హాలు గోలలో ఎడమ వైపున్న మైకులోంచి తన పేరు పిలిస్తే ఆమెకు తెలియలేదు. ఎవరో భుజం తట్టి లేపారు. హీరో ఉంగరం, ఐసుముక్కలు, చీర రంగు, కథలో అన్నీ ఉండేవి. చెవి మాత్రం ఎప్పుడూ లేదు.

"షాట్ రెడీ!"

వజ్రేశ్వరి కుర్చీలోంచి లేచింది. వెళ్ళి ధాత్రికీ భార్గవ్‌కూ మధ్య నిలబడింది.

"ఇంకో టేకు లేదు" అంది.

శేషసాయి నవ్వాడు. "మేడమ్, ఈ సీనులో మీకు డైలాగు లేదు."

"లేదు. నాకు డైలాగు లేకపోబట్టే పిల్ల చెవి పగిలింది. తప్పుకో."

"అది కాదు మేడమ్, లైటింగంతా..."

"నీ లైటింగు తగలబడ!" ఖాకీ వేషాల్లో కూడా ఆమె అంత గొంతెత్తి అరవలేదు. "నెత్తురొస్తుంటే క్లోజప్ పెడతావా? నువ్వు మనిషివా, కెమెరా స్టాండువా?"

భార్గవ్ వెనకనుంచి గొణిగాడు. "నేనేం చేశాను మేడమ్? సార్ చెప్పారు."

"సారు నోరిచ్చాడు. చెయ్యి మాత్రం నీదే కదా నాయనా."

ఆమె ధాత్రిని తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూసింది. కర్ణభేరి చిరిగిందని చెప్పింది. మానడానికి రెండు నెలలు పట్టవచ్చు, వినికిడి మొత్తం వెనక్కి వస్తుందని మాట ఇవ్వలేనంది. ధాత్రి కుడి చెవి తిప్పి అంతా విన్నది. ఏడవలేదు. దారిలో ఒక్కటే అడిగింది.

"రిహార్సల్లో బాగానే చేశాను కదా మేడమ్? మరెందుకు కొట్టించారు?"

జవాబు వజ్రేశ్వరికి తెలుసు, చెప్పే ధైర్యం లేకపోయింది.

మర్నాడు నిర్మాత తరఫు మనిషి పళ్ళ బుట్టతో ధాత్రి దగ్గరికి వచ్చాడు. బాత్రూంలో జారిపడ్డానని రాసివ్వమన్నాడు. "ఇలాంటివి బయటికొస్తే నీకు వేషాలు రావమ్మా, నీ మంచికే చెబుతున్నా" అన్నాడు. ధాత్రి ఆ కాగితాన్ని వెనక్కిచ్చేసింది. సినిమావాళ్ళ సంఘానికి ఫిర్యాదు రాసింది. సాక్షిగా వజ్రేశ్వరి పేరు రాసింది. మస్తాన్ మాస్టర్ పేరు కూడా రాసింది.

విచారణ రోజు సంఘం ఆఫీసులో బల్ల వెనక ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. ముగ్గురూ మగవాళ్ళే. ధాత్రి చెవిలో దూదితో ఒక పక్కన కూర్చుంది. అధ్యక్షుడు కళ్ళజోడు తుడుచుకుంటూ మొదలుపెట్టాడు.

"చూడమ్మా, నటన అన్నాక అక్కడక్కడ చిన్న చిన్నవి తగుల్తుంటాయి. దీనికింత దూరం రావాలా?"

"అదే నేనూ అంటున్నాను సార్" అన్నాడు శేషసాయి. "నేను కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్నదే." జేబులోంచి ఫోను తీసి బల్లమీద పెట్టాడు. అందులోంచి వజ్రేశ్వరి గొంతు వచ్చింది. నవ్వుతూ వచ్చింది. "ఏడు దెబ్బలమ్మా! ఏడు! ఆ దెబ్బలే నన్ను నటిని చేశాయి..." అతను ఇంకో వీడియో పెట్టాడు. ఇంకో ఛానలు, ఇంకో చీర, అదే మాట. మూడోది పెట్టాడు. అందులో చప్పట్లు కూడా ఉన్నాయి.

"వాళ్ళ సాక్షీ మేడమ్‌గారే, మా సాక్షీ మేడమ్‌గారే" అన్నాడు. పెద్దలు ముగ్గురూ నవ్వారు.

ధాత్రి నవ్వలేదు. ఫోను మాటలు సరిగా వినడానికి ఆమె తల పక్కకు తిప్పి, కుడి చెవిని బల్ల వైపు పెట్టింది. అది చూశాక వజ్రేశ్వరికి కూర్చోబుద్ధి కాలేదు.

"ఆ మాటలు నావే. అబద్ధం కాదు" అంది లేచి. "సగం చెప్పాను. మిగతా సగం ఇప్పుడు చెబుతాను. ఆ ఏడు దెబ్బలతో నా ఎడమ చెవి సగం పోయింది. అధ్యక్షులవారూ, మీరు ఎన్నోసార్లు సభల్లో నా ఎడమ పక్కన కూర్చున్నారు. మీరు చెప్పినవాటిలో సగం నాకు వినపడలేదు. మర్యాదకు నవ్వాను."

అధ్యక్షుడి ముఖం చిన్నబోయింది. "మరి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఎవరూ చప్పట్లు కొట్టరు కాబట్టి."

అయినా శేషసాయి తగ్గలేదు. "సారీ మేడమ్, బాధగానే ఉంది. కానీ నిజం దెబ్బ పడకపోతే నిజమైన భావం రాదు. ఇది కళ. సెంటిమెంటు సీనుకు ఫైటు రూల్సు పెడతామంటే ఎలా?"

వజ్రేశ్వరి బల్ల చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చింది. చీర కొంగు నడుముకు బిగించింది. "అయితే లెండి శేషసాయిగారూ. కళ చేద్దాం. నేను తల్లిని, మీరు కొడుకు. నేను కొడతాను. ఎప్పుడు కొడతానో చెప్పను. చెబితే సహజంగా రాదు కదా?"

"ఏంటి మేడమ్ ఇది..." అంటూనే అతను లేచాడు.

ఆమె చెయ్యి ఎత్తింది. కర్ర తిప్పిన చెయ్యి, కొరడా పట్టిన చెయ్యి. శేషసాయి కెవ్వున అరిచి వెనక్కి దూకాడు. కుర్చీ వెల్లకిలా పడింది. రెండు చేతులతో రెండు చెవులూ కప్పుకుని గోడకు అతుక్కుపోయాడు. పెదాలు వణుకుతున్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

వజ్రేశ్వరి చెయ్యి దించేసింది. అతన్ని ముట్టుకోలేదు.

"చూశారా?" అంది పెద్దల వైపు తిరిగి. "భయం ఉంది, అదురు ఉంది, కన్నీళ్ళు కూడా ఉన్నాయి. ఎంత సహజంగా ఉన్నాయో చూడండి. నేను కొట్టలేదు. ఇంతోటి దానికి ఆడపిల్లల చెవులు కావాలా ఈయనకు?"

వెనక బెంచీ మీదనుంచి మస్తాన్ మాస్టర్ గొంతు వినిపించింది. "టేకు ఓకే సామీ! ఇంకోటి అక్కర్లేదు."

ఈసారి నవ్వు శేషసాయి మీద పడింది. ఆ నవ్వు ఆగేలోగా మాస్టరు లేచి నిలబడ్డాడు. ఇంట్లో కొట్టినా బజార్లో కొట్టినా కొట్టుడు కొట్టుడేననీ, ఈ మాట తను ఎప్పుడో చెప్పాల్సిందనీ, చెప్పనందుకు సిగ్గుపడుతున్నాననీ అన్నాడు.

పెద్దలు గంటసేపు గుసగుసలాడుకుని కాగితం రాశారు. ఏ సీనులోనైనా, ఎవరి మీదైనా చెయ్యెత్తాల్సి వస్తే ఫైట్ మాస్టరు ఉండి తీరాలి. దెబ్బ తినే మనిషికి ముందే చెప్పి ఒప్పించాలి. ధాత్రి వైద్యం నిర్మాత చూసుకోవాలి. ఆ షాట్ సినిమాలో ఉండకూడదు. శేషసాయి క్షమాపణ చెప్పాలి. శేషసాయి నేలచూపులు చూస్తూ చెప్పాడు. ధాత్రి ఎడమ పక్కన నిలబడి చెప్పాడు. ఆమెకు వినపడలేదు. మళ్ళీ ఇటు వచ్చి చెప్పమని వజ్రేశ్వరి అతన్ని కుడి పక్కకు తిప్పింది.

ఆ తర్వాత రెండు సినిమాల్లో వజ్రేశ్వరికి అనుకున్న అత్త వేషాలు వేరేవాళ్ళకు వెళ్ళాయి. ఆమె పట్టించుకోలేదు. పత్రికలవాళ్ళు ఆమెను ఆకాశానికెత్తారు. అది కూడా పట్టించుకోకుండా ఉండటానికే ప్రయత్నించింది.

రెండు నెలల తర్వాత డాక్టరు ధాత్రి చెవిని మళ్ళీ పరీక్ష చేసింది. చిరుగు మూసుకుంది. వినికిడిలో మూడోవంతు రాలేదు, ఇక రాదు. వజ్రేశ్వరి ఆసుపత్రి వరండాలో ఆమె కోసం కూర్చుని ఉంది. ధాత్రి బయటికి వచ్చి, కాగితాలు సంచీలో పెట్టుకుని, ఆమె కుడి పక్కన కూర్చుంది.

"సంఘం ఆఫీసులో బాగా మాటాడారు మేడమ్. అందరూ మెచ్చుకుంటన్నారు" అంది.

"వాళ్ళ సంగతి వదిలెయ్. నువ్వేమంటావు?"

ధాత్రి గొంతులో కోపం లేదు. అందుకే వజ్రేశ్వరికి ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

"నేనేటంటాను మేడమ్? అందులో సగం మాట ఆరోజు మజ్జాన్నం కారవాన్లో అనుంటే, నాకీ చెవి ఉండేది కదండీ."

"అవును" అంది వజ్రేశ్వరి.

నీతి: తాము ఓర్చుకున్న దెబ్బను గొప్పగా చెప్పుకునేవాళ్ళు అదే దెబ్బను ఇంకొకరికి తగిలేలా చేస్తారు, కాబట్టి దెబ్బ తగిలిన రోజే నొప్పి అని చెప్పాలి, పక్కవాళ్ళ మీదికి వస్తున్నప్పుడే వద్దు అని అరవాలి.